240జెడ్‌కి "ఫుల్ పాలీ" బుష్ కిట్ కొనేముందు టీసీ రాడ్ సంగతి చూసుకోండి

పాత డాట్సన్ 240జెడ్, 260జెడ్, 280జెడ్ ఉన్నవాళ్లలో ఎవరైనా సస్పెన్షన్ బుష్‌లు (జాయింట్లలో ఇనుముకీ ఇనుముకీ మధ్య ఉండే మెత్తలు) మార్చే ఆలోచనలో ఉంటే దయచేసి ఇది చదవండి. "ఫుల్ పాలీ సెట్, అన్ని మోడళ్లకీ సరిపోతుంది, ఏమీ మార్చక్కర్లేదు" అని, అంటే రబ్బరుకి బదులు అన్నీ పాలీయురెథేన్ బుష్‌లే అని, ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఒకటి నా 1972 కారుకి వేయించాను. అలైన్‌మెంట్ కోసం కారు పైకెత్తినప్పుడు కుడివైపు టీసీ రాడ్ (ముందు చక్రం ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే ఇనుప కడ్డీ) మీద, నట్ దగ్గర థ్రెడ్ మొదలయ్యే చోట, పగులు కనిపించింది. రాడ్ ఇంకా తెగలేదు. బ్రేక్ మీద కాలు ఉన్నప్పుడు తెగి ఉంటే చక్రం వెనక్కి జరిగి ఫెండర్‌కి తగులుకునేది, కారు ఒక్కసారిగా ఆ పక్కకి లాగేసేది. ఇప్పటికే ఇలాంటి కిట్ వేయించుకున్నవాళ్లు మిగతాది తర్వాత చదువుకోండి. ముందు చివరి రెండు పేరాలు చూడండి.

నా కారుకి బుష్‌లు మార్చక తప్పని పరిస్థితి. రబ్బరు పగుళ్లిచ్చి, ముట్టుకుంటే పొడి రాలుతోంది. స్టీరింగ్ తిన్నగా నిలవడం లేదు, బ్రేక్ వేస్తే ముందుభాగం అటూ ఇటూ పోతోంది. ఈ కార్లు 1969 చివర్లో మొదలై 1978 దాకా తయారయ్యాయి. అంటే ఇంకా పాత రబ్బరుతోనే నడుస్తున్న కారుకి ఈ జబ్బు ఉండే ఉంటుంది. బుష్‌లు మార్చాలనుకోవడం సబబే. ఏ బుష్ ఏ జాయింట్‌లో వేస్తున్నాం అన్నదే ఆలోచించాలి.

రబ్బరు బుష్, పాలీ బుష్ ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి గానీ, పనిచేసే తీరు వేరు. రబ్బరు బుష్‌లో లోపలి ఇనుప స్లీవ్ (బోల్ట్ దూరే గొట్టం), బయటి షెల్, మధ్యలో రబ్బరు, మూడూ అతికి ఉంటాయి. ఆర్మ్ (చక్రాన్ని కారు అడుగుకి కలిపే చేయి) పైకీ కిందికీ కదిలినప్పుడు అక్కడ ఏదీ జారదు, రబ్బరే మెలి తిరుగుతుంది. అందుకే రబ్బరు బుష్ బోల్ట్‌లని కారు బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలంటారు. ఆర్మ్‌లు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. పాలీ బుష్‌లో అలా కాదు. స్లీవ్ బుష్ లోపల జారుతూ తిరగాలి, మధ్యలో గ్రీజు ఉండాలి. ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరిగే జాయింట్‌కి ఇది బాగా పనికొస్తుంది. ఆ ఇరుసే పక్కలకి వంగాల్సిన చోట మాత్రం పాలీ ఒప్పుకోదు. రబ్బరు ఎటు లాగితే అటు సాగుతుంది, పాలీ సాగదు.

టీసీ రాడ్ సరిగ్గా అలా వంగాల్సిన జాయింటే. రాడ్ ముందు కొస లోయర్ ఆర్మ్‌కి గట్టిగా బోల్ట్ చేసి ఉంటుంది. వెనక కొస ఛాసిస్ మీది బ్రాకెట్ రంధ్రంలోంచి వెళ్తుంది. బ్రాకెట్‌కి అటొక బుష్, ఇటొక బుష్, వాషర్లు, చివర నట్. చక్రం గుంతలో దిగి లేచిన ప్రతిసారీ ఆర్మ్‌తో పాటు రాడ్ కూడా పైకీ కిందికీ ఊగుతుంది, బ్రాకెట్ దగ్గర దాని కోణం మారుతుంది. రెండు వైపులా రబ్బరు ఉంటే ఆ కోణం రబ్బరులో కలిసిపోతుంది. రెండు వైపులా గట్టి పాలీ వేసి నట్ బిగిస్తే, కొస కదలకుండా ఇరుక్కుపోతుంది. ఇక మారే కోణమంతా రాడ్ ఇనుమే వంగి భరించాలి. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి తెగుతుంది కదా, ఇక్కడా అదే జరుగుతుంది. థ్రెడ్ గాడి ఉన్న చోట ఒత్తిడి ఎక్కువగా పోగుపడుతుంది కాబట్టి పగులు అక్కడ మొదలవుతుంది. ఎక్కువసార్లు చప్పుడు కూడా రాదు.

ఈ కార్ల గురించి తెలిసినవాళ్లకి ఇది చాలా పాత సంగతి. రెండు వైపులా పాలీ వేస్తే టీసీ రాడ్లు తెగుతాయని, బ్రాకెట్‌కి ముందు వైపు పాలీ, వెనక వైపు రబ్బరు వేసుకోవాలని ఏళ్ల నుంచి చెప్తూనే ఉన్నారు. అందులో లెక్క ఉంది. బ్రేక్ వేసినప్పుడు చక్రం వెనక్కి నెట్టుకొస్తుంది, ఆ తోపు ముందు వైపు బుష్ మీద పడుతుంది. అక్కడ పాలీ ఉంటే చక్రం వెనక్కి పోకుండా నిలబడుతుంది. వెనక రబ్బరు ఉంటే కొస ఊగడానికి చోటు దొరుకుతుంది. ఇంత తెలిసిన విషయాన్ని, ఈ కారు భాగాలే అమ్ముకుని బతికే అమ్మకందారు, తన కాగితంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. పైగా రెండు వైపులా పాలీ వేసి "బాగా బిగించండి" అని బొమ్మ గీసి మరీ ఇచ్చాడు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. కొనేవాడు సస్పెన్షన్ చదువుకుని రానక్కర్లేదు. ప్రమాదం ఉన్న చోట చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాడిదే.

ఇక రెండో తప్పు, స్లీవ్‌లు. ముందు లోయర్ ఆర్మ్ లోపలి బుష్‌కి ఇచ్చిన స్లీవ్, బుష్ కన్నా పొట్టిగా ఉంది. చూస్తే చిన్న తేడాలాగే ఉంటుంది, దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. బోల్ట్ బిగించినప్పుడు క్రాస్‌మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) చెవులు రెండూ స్లీవ్ కొసల్ని పట్టుకోవాలి, స్లీవ్ కదలకుండా ఉండాలి, దాని చుట్టూ బుష్ తిరగాలి. స్లీవ్ పొట్టిదైతే చెవులు పాలీనే నొక్కేస్తాయి, ఆర్మ్ తిరగడం మానేస్తుంది. మా మెకానిక్ బోల్ట్ బిగించి ఆర్మ్‌ని పైకెత్తి వదిలితే, ఎక్కడ వదిలితే అక్కడే ఆగిపోయింది. ఇలాంటి ఆర్మ్‌తో కారు ఎత్తు కూడా కుడి ఎడమలకి సమానంగా కుదురుకోదు, మెషిన్ మీద చూపించే అలైన్‌మెంట్ అంకెలు నమ్మడానికి వీల్లేదు. అమ్మకందారుని అడిగితే "నడుపుతుంటే వదులవుతుంది" అన్నాడు. పాలీ అరిగి వదులయ్యే దాకా నడపమని అర్థం. చివరికి లేత్ మీద సరైన పొడవుకి కొత్త స్లీవ్‌లు చేయించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి డబ్బా తెరవగానే వెర్నియర్‌తో కొలవండి. బుష్‌ని స్లీవ్ మీద పెట్టినప్పుడు స్లీవ్ రెండు కొసలూ పాలీ ముఖం కన్నా కాస్త బయటికి రావాలి, గోటితో తడిమితే అంచు తగలాలి. బిగించాక స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) ఇంకా కలపకముందే ఆర్మ్‌ని పైకెత్తి చూడండి. తన బరువుకే గానీ, చేత్తో కొద్దిగా నొక్కితే గానీ, కిందికి దిగాలి. దిగకపోతే అక్కడితో ఆపేయండి.

గట్టిదనం గురించి కూడా చెప్పాలి. ప్రకటనలో షోర్ ఏ (రబ్బరు లాంటివాటి గట్టిదనం కొలిచే స్కేల్) 95 అని గొప్పగా రాశారు. ఈ స్కేల్ మీద కారు రబ్బరు బుష్‌లు మామూలుగా 50 నుంచి 70 మధ్య ఉంటాయి, రోడ్డు కార్ల పాలీ బుష్‌లు 80, 90ల్లో ఉంటాయి. తెలిసినవాళ్ల డ్యూరోమీటర్‌తో (ఈ గట్టిదనం కొలిచే పరికరం) కొలిపిస్తే కుడివైపు ముక్కకీ ఎడమవైపు ముక్కకీ పది పాయింట్లకు పైగా తేడా వచ్చింది. రెండూ ఒకే సెట్‌లోవే, ఒకే ఎరుపు రంగులో ఉన్నాయి. రంగుని బట్టి గట్టిదనం చెప్పలేం, ఏ కంపెనీ రంగులు ఆ కంపెనీవే. మీరు కొలిచేటప్పుడు చదునుగా, కనీసం 6 మిల్లీమీటర్ల మందం ఉన్న చోట కొలవండి, సన్నటి అంచు మీద అంకె తప్పు వస్తుంది.

గ్రీజు విషయంలోనూ లోటే. కిట్‌లో వచ్చిన చిన్న పొట్లం ఒక వైపుకే చాలలేదు, అది ఏ రకమో రాసి కూడా లేదు. పాలీకి సిలికాన్ లేదా పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) కలిసిన, నీళ్లకి కొట్టుకుపోని జిగురు గ్రీజు వాడాలి. మామూలు చాసిస్ గ్రీజు పక్కనున్న రబ్బరుని ఉబ్బిస్తుంది, పాలీ బుష్‌లోంచి త్వరగా కారిపోతుంది కూడా. గ్రీజు పోయాక కీచుమనే చప్పుడు మొదలవుతుంది, నీళ్లు చేరి స్లీవ్ తుప్పు పడుతుంది, ఆ గరుకు ఇనుము పాలీని లోపల నుంచి గీకేస్తుంది. చప్పుడుని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. బుష్ ఎండిపోయిందని చెప్పే గుర్తు అదే.

పాత షెల్‌ల గురించి ఒక మాట. కొన్ని పాలీ కిట్లలో బుష్‌ని ఆర్మ్‌లో ఉన్న పాత ఇనుప షెల్‌లోనే కూర్చోబెట్టాలి, కొన్నింట్లో షెల్ కూడా తీసేయాలి. ఇది ప్రకటనలో స్పష్టంగా రాసి ఉండాలి. రాయని కిట్ అయితే, కొత్త బుష్ చేతికొచ్చి కొలిచే దాకా పాత షెల్ జోలికి వెళ్లొద్దు. ఒకసారి హాక్సాతో కోసి బయట పారేశాక అది దొరకదు. ఇంకో మాట, రబ్బరుని మంటతో కాల్చి తీయమని కొందరు వీడియోల్లో చూపిస్తున్నారు. ఆ పొగ మంచిది కాదు. పాలీని కాల్చితే వచ్చే పొగ ఇంకా విషం. ప్రెస్ మీద తీయించండి, లేదా రబ్బరుకి చుట్టూ రంధ్రాలు వేసి తోసేయండి.

ఇదంతా చదివి పాలీ అంటేనే పనికిరాదని అనుకోవద్దు. నా కారులోనే స్టీరింగ్ ర్యాక్ బిగింపులకీ, ముందు స్టెబిలైజర్ బార్‌కీ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) పాలీ ఉంచాను, ఆ మేరకు స్టీరింగ్ చక్కగా నిక్కచ్చిగా మారింది. ర్యాక్ బుష్ అసలు కదలదు, స్టెబిలైజర్ బార్ బుష్‌లో ఉండేది గుండ్రటి కదలికే. వెనక ఆర్మ్ బుష్‌లు కూడా ఇరుసు మీద తిరిగేవే కాబట్టి స్లీవ్ కొలత సరిగ్గా ఉంటే పాలీ నప్పుతుంది. అయితే వెనక పని మొదలెట్టేముందు ఒకటి తెలుసుకోండి. స్ట్రట్ కింది భాగంలోంచి వెళ్లే పొడవాటి స్పిండిల్ పిన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది, ఈ కార్లలో అందర్నీ ఏడిపించేది అదే. దాని లాక్ బోల్ట్ తీసి, తుప్పు వదిలే నూనె చాలా రోజులు ముందు నుంచీ పోస్తూ, కొత్త పిన్ దగ్గర పెట్టుకున్నాకే సుత్తి పట్టండి. కొస మీద నేరుగా కొడితే థ్రెడ్ చితికిపోయి పిన్ ఇంకా ఇరుక్కుంటుంది.

రబ్బరే వేసుకుంటామనేవాళ్లకి కొత్తగా తయారైన రబ్బరు బుష్ మంచి దారి, రోజూ తిరిగే కారుకి నా ఓటు దానికే. ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్న "వాడని పాత స్టాక్" మాత్రం చూసి తీసుకోండి. రబ్బరు డబ్బాలో ఉన్నా గట్టిపడి పగుళ్లిస్తుంది. వంచి చూసినప్పుడు పైన సన్నటి గీతలు కనిపిస్తే వద్దనండి. గోళాకార బేరింగ్ ఉన్న టీసీ రాడ్లు కూడా దొరుకుతాయి. వాటిలో కోణం స్వేచ్ఛగా మారుతుంది కానీ రోడ్డు చప్పుడు లోపలికి వస్తుంది, దుమ్ము పడితే బేరింగ్ అరుగుతుంది.

డబ్బు విషయానికొస్తే, నాకు పైసా తిరిగి రాలేదు. "ఒకసారి బిగించిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడు అమ్మకందారు. జీవితకాల వారంటీ అని పెద్ద అక్షరాల్లో రాసినదానికి అర్థం, బుష్ ముక్క చిరిగితే ఇంకో ముక్క ఇవ్వడం. కూలీ, లేత్ పని, పాడైన రాడ్, ఏవీ అందులో లేవు. స్లీవ్ పొట్టిగా ఉందని ఫోటోలతో నేను రాసిన రివ్యూ మర్నాటికి కనిపించలేదు. అందుకే కొనేముందు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. టీసీ రాడ్‌కి వెనక వైపు రబ్బరు ఇస్తారా, స్లీవ్ పొడవూ బుష్ వెడల్పూ ఎంత, మీ కారు సంవత్సరానికి ఏ భాగం వస్తుందో పార్ట్ నంబర్‌తో చెప్తారా. జవాబు దాటవేస్తే అక్కడ కొనకండి. డబ్బాని స్కేల్ పక్కన పెట్టి, ఏదీ బిగించకముందే ఫోటోలు తీసుకోండి. తేడా వస్తే ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి అడిగే వీలున్న పద్ధతిలోనే డబ్బు కట్టండి.

ఇప్పటికే రెండు వైపులా పాలీతో తిరుగుతున్నవాళ్లు కారు మళ్లీ రోడ్డెక్కించకముందు టీసీ రాడ్లు రెండూ బయటికి తీయించండి. కారు జాక్ మీద వదలకుండా స్టాండ్‌ల మీద నిలిపాకే కిందికి వెళ్లండి. వెనక కొసలోని థ్రెడ్‌ని వైరు బ్రష్‌తో శుభ్రంగా తోమి, థ్రెడ్ ఎక్కడ ఆగిపోతుందో అక్కడ వెలుతురులో తిప్పి తిప్పి చూడండి. కంటికి కనిపించని పగుళ్లు కూడా ఉంటాయి కాబట్టి డై పెనెట్రెంట్ పరీక్ష చేయించడం మంచిది. ఎర్ర రంగు కొట్టి, తుడిచి, పైన తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్ర గీత పైకి వస్తుంది. ఇంజన్ హెడ్‌లు బాగుచేసే చాలా వర్క్‌షాపుల్లో ఈ పరీక్ష చేస్తారు.

గీత కనిపించినా, రాడ్ కొస వంకర తిరిగినట్టు అనిపించినా, వెల్డింగ్ చేయించొద్దు, రాడ్ మార్చేయండి. పరీక్షలో ఏమీ కనిపించకపోయినా వెనక వైపు పాలీ తీసి కొత్త రబ్బరు వేయండి. కప్పు ఆకారం వాషర్లు ఎటు తిరిగి ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మ చూసి కూర్చోబెట్టి, నట్‌ని అందులో రాసిన టార్క్‌కే బిగించి, తర్వాత అలైన్‌మెంట్ చేయించండి. ఎవరికైనా రాడ్ మీద పగులు దొరికితే ఫోటో, కారు సంవత్సరం, రెండు వైపులా ఏ బుష్ ఉందో ఇక్కడ రాయండి, తర్వాత కొనేవాళ్లకి పనికొస్తుంది.