విశాఖ ఉప్పుగాలిలో ప్రీమియర్ పద్మిని: పానా పట్టడం రాని యజమాని సమీక్ష

పాత ఫియట్, అంటే ఈ పద్మినినే, కొంటానంటే అందరూ ఇంజిన్ గురించే భయపెడతారు. ఇన్నేళ్లు వాడాక నా లెక్క వేరు. విశాఖలో పద్మినిని తినేసేది ఇంజిన్ కాదు, తుప్పు. ఇంజిన్ పనికి ఎంతవుతుందో మేస్త్రీ ముందే చెప్పగలడు. బాడీ పని మొదలైతే మాత్రం ఎక్కడ ఆగుతుందో రేకు పని చేసే టింకరుకే తెలియదు.

నాది ఎనభైల చివరి మోడల్, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉంటుంది. నాకు మెకానిక్ పని రాదు, నేర్చుకోవాలన్న సరదా కూడా లేదు. స్టెప్నీ మార్చగలను, ఆయిల్, రేడియేటర్ నీళ్లు చూసుకోగలను, అంతే. అయినా బండి నడుస్తోంది.

ముందు ఇంజిన్ సంగతి తేల్చేద్దాం. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక కార్బొరేటర్, ప్లగ్గులకు కరెంటు అందేలా చూసే పాయింట్లు, కండెన్సర్. కంప్యూటరూ లేదు, సెన్సారూ లేదు. ఆగిపోతే కారణం చాలావరకు రెండే: కరెంటు రాకపోవడం, పెట్రోలు రాకపోవడం. ఆటోనగర్‌లో నా బండి చూసే పెద్దాయన దగ్గరికి వెళ్లి "పాయింట్లు పోయినట్టున్నాయండీ" అంటే ఆయనకు చిరాకు. "ఏటి పోయిందో నేను చూస్తాను బావూ, ఎప్పుడాగిందో మీరు చెప్పండి" అంటాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? దగ్గి దగ్గి ఆగిందా, స్విచ్ తీసినట్టు టక్కున ఆగిందా? హారన్ మోగుతోందా? ఇవి గమనించి చెబితే సగం పని అయిపోయినట్టే. డిక్కీలో ఒక పాయింట్ల సెట్టు, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు పడేసుంచుతాను. బిగించేది నేను కాదు గానీ, ఏ ఊళ్లో ఆగినా పాతకాలపు మేస్త్రీ ఒకడు దొరుకుతాడు. వస్తువు మన చేతిలో ఉంటే చాలు.

ఎండాకాలం సింహాచలం కొండ ఎక్కుతుంటే ఒకసారి మొరాయించింది. పెట్రోలు పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఆ వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై, పంపు లాగలేకపోతుంది. బానెట్ ఎత్తి, తువ్వాలు తడిపి పంపు మీద చుట్టి కాసేపు కూర్చుంటే మళ్లీ స్టార్ట్ అయింది. ఆ కాసేపట్లో దర్శనానికి వెళ్తున్న వాళ్లలో సగం మంది ఆగి సలహా ఇచ్చారు, మిగతా సగం మంది "అమ్ముతారా?" అని అడిగారు.

ఇక తుప్పు. అంబాసిడర్‌లాగే దీనికి కూడా విడిగా ఛాసిస్ లేదు, బాడీయే అస్థిపంజరం. ఫ్లోరు, తలుపుల కింద ఉండే పెట్టెలాంటి రేకు పుచ్చిపోతే అది అందం సమస్య కాదు, బలం సమస్య. మన ఊళ్లో గాలిలోనే ఉప్పుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, రేకు ఆరదు. లాసన్స్ బే దగ్గర రాత్రంతా పార్క్ చేసి, పొద్దున అద్దం మీద వేలు రాస్తే తెల్లగా అంటుకుంటుంది. అదే పొర మనకు కనబడని చోటల్లా కూడా ఉంటుంది.

ఒక వర్క్‌షాప్ వాళ్లు ఫ్లోరంతా కొత్తగా చేశామని బిల్లు వేశారు. వానాకాలంలో మ్యాటు కింద తడి తగ్గకపోతే ఎత్తి చూశాను. పుచ్చిన రేకు మీదే పుట్టీ, దాని మీద నల్లటి కోటింగు! లోపల తేమ చిక్కుకుపోయి, పైపూత చెక్కుచెదరకుండా కింద రేకు పొడి పొడిగా రాలుతోంది. తర్వాత వేరే టింకరు గట్టి ఇనుము తగిలేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూత కొట్టాడు. అప్పట్నుంచీ జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుంటున్నాను. గుడ్డలో చుట్టి బాడీ మీద ఆనిస్తే, పుట్టీ మందంగా ఉన్నచోట పట్టదు. పాత బండి కొనేవాళ్లు ఈ ఒక్క పరీక్ష చేసినా చాలు.

నేను చేసే పనులు చిన్నవే. తలుపుల అడుగున నీళ్లు పోయే కన్నాలను చీపురు పుల్లతో పొడుస్తాను. బీచ్ రోడ్డు మీద తిరిగొస్తే అడుగు భాగం మంచినీళ్లతో కడుగుతాను. ప్లాస్టిక్ కవరు మాత్రం కప్పను, లోపల చెమట పడుతుంది. షెడ్డు ఉంటే అదే మేలు.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. నీళ్లు నిలిచిన రోడ్డు దాటాక కాసేపు పట్టవు. మెల్లగా నొక్కుతూ ఆరబెట్టుకోవాలి. కొత్త కారుకు అలవాటుపడ్డవాళ్లకు స్టీరింగ్ ఇవ్వకపోవడమే మంచిది. ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసులకు, అంటే కింగ్‌పిన్లకు, గ్రీజు అశ్రద్ధ చేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది. మైలేజీ ఊళ్లో లీటరుకు 11, 12.

ఈమధ్య కొత్త టెన్షన్, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, ట్యాంకేమో ఇనప రేకుది. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించాను. బండి వాడకుండా నెలల తరబడి ఉంచడం మానేశాను.

కాగితాల ఖర్చు కూడా తక్కువేం కాదు. 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే కేంద్ర ఫీజును 2022 ఏప్రిల్‌లో 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 అయింది. వింటేజ్ హోదాకు 50 ఏళ్లు నిండాలి, వచ్చినా రోజువారీ వాడకానికి పనికిరాదు. అందుకే నాకు దాని మీద ఆశ లేదు.

విడిభాగాల్లో ఇంజిన్‌వి దొరుకుతాయి. ముంబైలో 2023 అక్టోబర్‌లో పద్మిని ట్యాక్సీలు ఆగిపోయినా, పాత సరుకు ఇంకా అక్కడి నుంచే వస్తోంది. దొరకనివి రబ్బరు బీడింగులు, క్రోమ్ పట్టీలు, లైట్ల గ్లాసులు. కొనేముందు ఇవి ఉన్నాయో లేదో చూడండి, ఇంజిన్ శబ్దం తర్వాత వినొచ్చు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి ఒకే కారు కావాలనుకునేవాళ్లకూ, అపార్ట్‌మెంట్‌లో ఎండకూ వానకూ వదిలేసేవాళ్లకూ నేను దీన్ని సిఫార్సు చేయను.

నా బండికి ముందు అద్దం రబ్బరు ముంబై నుంచి వచ్చి నెల దాటింది. అద్దం తీస్తే దాని గాడిలో ఎంత తుప్పుందో అప్పుడే తెలుస్తుంది. వానలు తగ్గాక తీద్దామన్నాడు టింకరు.