100 మి.లీ. హైడ్రోథర్మల్ ఆటోక్లేవ్: ఉక్కుకు ఢోకా లేదు, లైనర్ దగ్గరే పేచీ

లిథియం అయాన్ బ్యాటరీల ఆనోడ్ (రుణ ధ్రువం) కోసం లోహ ఆక్సైడ్లను నానో రూపంలో తయారు చేసే మా ల్యాబ్‌కు కొన్న ఈ ఆటోక్లేవ్ (నీటి ద్రావణాన్ని గట్టిగా మూసి, మరిగే స్థాయికి మించి వేడి చేసే పాత్ర)లో ఉన్నవి మూడే భాగాలు: ఉక్కు తొడుగు, లోపల ద్రావణం పోసే టెఫ్లాన్ గిన్నె (లైనర్), మరతో బిగించే మూత.

కోబాల్ట్ ఆక్సైడ్ సైద్ధాంతిక సామర్థ్యం, అంటే లెక్క ప్రకారం అది నిల్వ చేయగల విద్యుదావేశం, గ్రాముకు 890 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఆనోడ్‌లలో మామూలుగా వాడే గ్రాఫైట్‌ది 372 మాత్రమే. అయితే ఛార్జింగ్, డిశ్చార్జింగ్‌లలో ఈ ఆక్సైడ్ ఉబ్బి, కుంచించుకుపోయి చిట్లిపోతుంది గనుక, ఆ ఒత్తిడిని కొంతైనా తట్టుకునే సన్నని సూదులుగానో రేకులుగానో దాన్ని పెంచాల్సి ఉంటుంది. కోబాల్ట్ నైట్రేట్, యూరియా కలిపిన నీటిని ఇందులో పోసి 120 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా ఉంచితే, యూరియా మెల్లగా విడిపోతూ అమ్మోనియాను వదలడం వల్ల ద్రావణమంతటా క్షారత ఒకే తీరున పెరిగి, గులాబీ రంగు అవక్షేపం ఏర్పడుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, గాలిలో 350 డిగ్రీల వద్ద కాల్చితే నల్లని ఆక్సైడ్ పొడి చేతికొస్తుంది. సూదుల ఆకారమూ చాలావరకు నిలుస్తుంది. ఈ పనిలో పరికరానికి వంక పెట్టలేము. యూరియా నుంచి వెలువడే వాయువులు కూడా పీడనాన్ని పెంచుతాయి కాబట్టి మూడింట రెండు వంతులకు మించి నింపకపోవడం మంచిది.

చిక్కల్లా 220 డిగ్రీల వరకు వాడవచ్చన్న అమ్మకందారు హామీతోనే. నీటి ఆవిరి పీడనం 180 డిగ్రీల వద్ద సుమారు 10 బార్ కాగా, 220 వద్ద 23 బార్ దాటుతుంది. పైగా వేడికి టెఫ్లాన్ ఉక్కు కంటే ఎన్నో రెట్లు వ్యాకోచిస్తుంది, ఒత్తిడికి మెల్లగా సాగుతుంది. ఐరన్ ఆక్సైడ్ కోసం 200 డిగ్రీలు దాటించి వాడిన కొన్నాళ్లకే లైనర్ పెదవి వంకర తిరిగి, ద్రావణం బయటికి కారినట్టు మూత చుట్టూ ఎర్రటి చార కనిపించింది. ఓవెన్‌లో పెట్టేముందు ఒకసారి, పూర్తిగా చల్లారాక మరోసారి తూకం వేస్తే ఎంత నీరు పోయిందో ఇట్టే తెలుస్తుంది. చార కనబడేదాకా ఆగనక్కర్లేదు. ఒక లోహానికి వాడిన లైనర్‌ను, సజల ఆమ్లంతో ఎంత కడిగినా సరే, మరో లోహానికి వాడకపోవడమే మేలు.

విడి లైనర్ అడిగితే అమ్మకందారు ఆ కొలతలో ఇప్పుడు చేయడం లేదని, కొత్త సెట్టే తీసుకోమని జవాబిచ్చారు. ఇది మాత్రం అన్యాయం. 180 డిగ్రీల లోపు పనులకు ధరకు తగ్గ పరికరమే గానీ, విడి లైనర్లు సరఫరా చేస్తామని కొటేషన్‌లో రాసి ఇచ్చాకే ఆర్డర్ పెట్టండి.