ఐస్ అధికారులు ఆపితే: మౌనమా, సమాధానమా?

గుంటూరు బ్రాడీపేటలో పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్లు బోలెడు. అక్కడ ఐస్ (వలస చట్టాలను అమలు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) అధికారులు ఆపితే ఏం చేయాలన్నదే ఇప్పుడు వాళ్ల టెన్షన్. "అడిగినవన్నీ మర్యాదగా చెప్పెయ్ నాన్నా, వదిలేస్తారు" అంటారు పెద్దవాళ్లు. నా ఓటు మాత్రం మౌనానికే. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదనే ఆ దేశ రాజ్యాంగంలోని 5వ సవరణ వీసా మీద ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. "లాయర్‌తో మాట్లాడాకే చెబుతాను" అంటే సరిపోతుంది. నోరు విప్పితే ఆ మాటలే కేసులో ఎదురు తిరగొచ్చు. అబద్ధమాడితే అది వేరే నేరం. అలాగని కాగితాలు దాచకూడదు. 18 నిండిన వీసాదారులు ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే రికార్డు) లాంటి రిజిస్ట్రేషన్ పత్రాన్ని వెంట ఉంచుకోవాలని చట్టం. లాయర్ ఫీజు మనదే, ఇమిగ్రేషన్ కేసుల్లో సాధారణంగా ప్రభుత్వం లాయర్‌ని పెట్టదు. ఎయిర్‌పోర్టులో లెక్క వేరు: వీసా మీద వచ్చినవాళ్లు జవాబివ్వకపోతే వెనక్కి పంపేయొచ్చు.