ఇటలీ తీరం వెంట నడక: చింక్వే తెర్రెనా, అమాల్ఫీనా?

ఇటలీలో సముద్రం పక్కనే నాలుగైదు రోజులు నడవాలనుకునేవాళ్ళు చివరికి వచ్చి ఆగేది ఈ రెండు పేర్ల దగ్గరే. ఉత్తరాన లిగురియాలో చింక్వే తెర్రె, దక్షిణాన నేపుల్స్ దాటాక అమాల్ఫీ తీరం. రెండూ 1997లోనే యునెస్కో జాబితాకెక్కాయి, రెండు చోట్లా కొండ నిటారుగా సముద్రంలోకి దిగిపోతుంది, ఫొటోల్లో రెండు చోట్లా అవే రంగురంగుల ఇళ్ళు. కాబట్టి ఫొటోలు చూసి తేల్చుకుందామంటే తేలదు. ఏది అందంగా ఉంటుంది అని అడగడం మానేసి, మూడో రోజు పొద్దున్నే మోకాలు పట్టేస్తే ఏం చేస్తాం అని అడగండి, ఎవరికి ఏది సరిపోతుందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

చింక్వే తెర్రెలో అయితే రైలెక్కుతాం, అంతే. మాంటెరోస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే, ఈ ఐదు ఊళ్ళకీ స్టేషన్లున్నాయి. జెనోవా నుంచి లా స్పేత్సియా దాకా లైను 1874లోనే పూర్తయింది, కొండల్ని తొలిచి వేశారు కాబట్టి కిటికీలోంచి కనిపించేది ఎక్కువగా చీకటే, మధ్యమధ్యలో ఒక్క క్షణం సముద్రం. ఊరికీ ఊరికీ మధ్య నాలుగైదు నిమిషాలు. సీజన్లో పగటిపూట బళ్ళు బాగానే ఉంటాయి. అంటే ఒకే చోట గది తీసుకుని, బ్యాగు అక్కడే పడేసి, రోజూ ఒక ముక్క నడిచి, సాయంత్రం రైల్లో వెనక్కి వచ్చేయొచ్చు. ఇంట్లో ఇద్దరు నడిచేవాళ్ళు, ఇద్దరు నడవలేనివాళ్ళు ఉన్నా గొడవ లేదు, వాళ్ళు రైల్లో, మనం కాలినడకన బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి వెర్నాత్సాలో కలుసుకోవచ్చు.

అమాల్ఫీలో ఈ సుఖం లేదు. సలెర్నోలోనో, అటువైపు సొరెంటోలోనో రైలు దిగితే అక్కడి నుంచి తీరం పొడవునా ఒక్కటే రోడ్డు. కొన్ని మలుపుల్లో రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్ళాల్సిందే. ట్రాఫిక్ తట్టుకోలేక రద్దీ రోజుల్లో కార్లకి సరి, బేసి నంబర్ల పద్ధతి కూడా పెట్టారు. సీజన్లో బస్సు అప్పటికే నిండిపోయి, మన స్టాపులో ఆపకుండా వెళ్ళిపోతే నోరెళ్ళబెట్టి చూస్తూ నిలబడటం అక్కడ మామూలే. సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సలెర్నో, అమాల్ఫీ, పోజిటానో మధ్య పడవలు తిరుగుతాయి, బస్సుకన్నా వెయ్యి రెట్లు హాయి, కానీ అలలు పెద్దవైతే అవీ బంద్. మోకాలు పట్టేసినవాళ్ళు ఆ రోజుకి బాల్కనీలో కూర్చుని నిమ్మ తోటలు చూడటమే.

ఇంతవరకూ చదివితే చింక్వే తెర్రె గెలిచినట్టే కదా. కానీ రైలుంది కాబట్టే అక్కడ జనం. క్రూజ్ షిప్పుల నుంచి, ఫ్లోరెన్స్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళంతా ఆ ఐదు స్టేషన్లలోనే దిగుతారు. ఊళ్ళని కలిపే నీలి బాట అని పేరున్న తీరపు దారి మొత్తం కలిపితే 12 కిలోమీటర్లు. దానిలో మాంటెరోస్సో నుంచి వెర్నాత్సా, అక్కడి నుంచి కోర్నీలియా, ఈ రెండు ముక్కలకీ పార్కు వాళ్ళ ప్రవేశ కార్డు కొనాలి, ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. దారి ఇద్దరు పక్కపక్కన పట్టనంత సన్నం, పక్కన సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడ, ఎదురుగా గుంపు వస్తే ఆ గోడకి వీపు ఆనించి నిలబడాలి. జూన్ మధ్యాహ్నం అలా నిలబడి ముప్పై మందికి దారి ఇచ్చాక నడకన్న మాట మీదే విరక్తి పుడుతుంది.

ఇక రియోమజ్జోరే, మనరోలా మధ్య ప్రేమ బాట. కిలోమీటరు కూడా ఉండదు, కాంక్రీటు చేసిన చదును దారి. 2012లో రాళ్ళు విరిగిపడి జనానికి దెబ్బలు తగలడంతో మూసేశారు, 2024లో గానీ పూర్తిగా తెరవలేదు. ఇప్పుడు దానికి విడిగా డబ్బు కట్టి, ముందే టైమ్ స్లాట్ తీసుకోవాలి. నా మాట వింటే దాన్ని వదిలేయండి. పెళ్ళైన కొత్తలో అయితే మీ ఇష్టం.

అసలు చింక్వే తెర్రెలో మంచి నడకలన్నీ ఆ నీలి బాట బయటే ఉన్నాయి, వాటికి టికెట్ కూడా లేదు. ఐదు ఊళ్ళకి పక్కనే ఉన్న లెవాంతో నుంచి పుంతా మెస్కో మీదుగా మాంటెరోస్సోకి వచ్చే దారి ఒకటి. కొండ కొమ్ము మీదికి చేరేసరికి ఐదు ఊళ్ళ తీరమంతా ఒక్కసారిగా ఎదురుగా పరుచుకుంటుంది. రెండోది మనరోలా నుంచి వొలాస్త్రా మీదుగా కోర్నీలియాకి. మొదట్లో మెట్లు ఊపిరాడనివ్వవు, పైకి చేరాక మాత్రం చాలాసేపు ద్రాక్ష మళ్ళ అంచునే దాదాపు చదునుగా నడక. ఇక్కడే ఒక చిత్రమైన వస్తువు కనిపిస్తుంది: దారికి అడ్డంగా, మోకాలెత్తున ఒంటి ఇనుప పట్టా, కింద పళ్ళతో, కొండ వాలు వెంట నిటారుగా పైకి పోతుంది. కోతల రోజుల్లో దాని మీద చిన్న ఇంజను, వెనక తొట్టెల్లో ద్రాక్ష. ఈ మళ్ళకి బండి దారి లేదు, అది రాకముందు బుట్టలన్నీ మనుషుల వీపుల మీదే దిగేవి. ఆ పట్టా పక్కన నిలబడి కిందికి చూస్తే, ఈ ఊళ్ళు టూరిస్టుల కోసం పుట్టలేదని ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. మూడోది పోర్తోవేనేరే నుంచి కంపీలియా మీదుగా రియోమజ్జోరేకి, ఐదారు గంటల నడక, కొంచెం కష్టమైనది, నాకు మూడింటిలోనూ బాగా నచ్చినది.

కోర్నీలియా గురించి ఒక హెచ్చరిక. ఐదింటిలో అదొక్కటే సముద్రం ఒడ్డున కాకుండా కొండ మీద ఉంది, స్టేషన్ నుంచి ఊళ్ళోకి దాదాపు 380 మెట్లు. చిన్న బస్సు కూడా ఉంది, పెద్దవాళ్ళుంటే దానికోసం ఆగండి.

ఇప్పుడు అమాల్ఫీ. అక్కడ 19వ శతాబ్దం మధ్యలో తీరపు రోడ్డు పడేదాకా ఊరికీ ఊరికీ మధ్య ఉన్నవి మెట్ల దారులు, పడవలే. ఇప్పుడు మనం ట్రెక్కింగ్ అని నడిచేవి నిన్నమొన్నటిదాకా పాలు, కట్టెలు, నిమ్మకాయలు మోసిన బాటలు. అందుకే అక్కడ ఏ దారి పట్టుకున్నా ఎవరి ఇంటి గుమ్మం ముందునుంచో, ఎవరి తోట పందిరి కిందనుంచో పోతుంది. ఎరుపు తెలుపు గీతల గుర్తులు రాళ్ళ మీద కనిపిస్తుంటాయి, కార్డు లేదు, టికెట్ లేదు, గేటు లేదు.

అందరికీ తెలిసింది దేవతల బాట. అజెరోలా కొండ మీది బొమెరానో ఊళ్ళో మొదలై పోజిటానో పైనున్న నొచెల్లెలో ముగుస్తుంది, ఆరేడు కిలోమీటర్లు, ఫొటోలకి ఆగుతూ మూడు గంటలు. మొదలయ్యేది 600 మీటర్ల పైచిలుకు ఎత్తులో. కొండ అంచున నడుస్తుంటే కింద ప్రయానో, ముందు పోజిటానో, దూరంగా కాప్రీ దీవి. బొమెరానో వైపు నుంచి మొదలుపెట్టడమే మంచిది, మొత్తం మీద దిగుడే ఎక్కువ, కాప్రీ కూడా ఎదురుగానే ఉంటుంది. నీళ్ళు మాత్రం ఊళ్ళోనే నింపుకుని బయల్దేరాలి, నీడ తక్కువ. నొచెల్లె చేరాక అసలు పరీక్ష: కింద రోడ్డు దాకా సుమారు 1,700 మెట్లు. అలిపిరి మెట్లు 3,550, అందులో సగం అనుకోండి, కానీ ఇది దిగడం, మోకాళ్ళకి ఎక్కడం కన్నా దిగడమే గండం. నొచెల్లె నుంచి పోజిటానోకి బస్సుంది, పౌరుషానికి పోకుండా దాన్ని ఎక్కినవాళ్ళు మర్నాడు కూడా నడుస్తారు.

ఇది ఒక్క పూట పని. మిగతా రోజులేంటి అంటే, అమాల్ఫీ బలమంతా ఆ మిగతా రోజుల్లోనే ఉంది. స్కాలా వైపు నుంచి పొంటోనే మీదుగా ఫెర్రియేరే లోయలోకి దిగే దారి పట్టుకుంటే, అప్పటిదాకా నెత్తి మాడ్చిన ఎండ ఒక్కసారిగా మాయమై వాగు చప్పుడు, జలపాతాలు, తడి రాళ్ళు. మంచుయుగానికి ముందు నుంచీ బతికి ఉన్న ఒక జాతి పెద్ద ఫెర్న్ అక్కడ పెరుగుతుంది. అదే నీటితో నడిచిన పాత ఇనుప కార్ఖానా, కాగితపు మిల్లుల శిథిలాలు దారిలోనే తగులుతాయి, అమాల్ఫీ చేతి కాగితానికి ఒకప్పుడు ఎంత పేరంటే ఇప్పుడూ ఊళ్ళో దానికో మ్యూజియం ఉంది. ఇంకో రోజు మయోరి నుంచి మినోరికి నిమ్మ తోటల మధ్య బాట, చిన్నదే, పిల్లలతో కూడా పోవచ్చు. చెస్ట్‌నట్ కర్రలతో పందిళ్ళు, వాటి మీద వలలు, వాటి కింద మన పిడికిలికి రెండింతలుండే కోలకాయలు. అక్కడి నుంచి రవెల్లోకి మెట్లెక్కి, సాయంత్రానికి అట్రానీ మీదుగా అమాల్ఫీలోకి దిగొచ్చు. నాలుగు రోజుల్లో నాలుగు వేర్వేరు రకాల నడకలు. చింక్వే తెర్రెలో రెండో రోజు చూసేది మొదటి రోజుకి బాగా దగ్గరగానే ఉంటుంది, ఈ మాట అక్కడి అభిమానులకి నచ్చదని తెలుసు.

డబ్బు సంగతి. రెండూ చవక కాదు, కానీ రెండు చోట్లా దగ్గరదారి ఒకటుంది: పేరున్న ఊళ్ళో దిగకండి. లిగురియాలో లెవాంతోలోనో లా స్పేత్సియాలోనో ఉండండి, అమాల్ఫీ వైపు పోజిటానో పేరెత్తకుండా బొమెరానోలోనో మినోరిలోనో గది చూడండి. పోజిటానోలో గది దొరికినా, రోడ్డు నుంచి సూట్‌కేసు ఎన్ని మెట్లు దిగాలో బుక్ చేసేముందే అడగండి, అక్కడ సామాన్లు మోసే పోర్టర్లు ఊరికే లేరు.

తిండి విషయంలో శాకాహారులకి టెన్షన్ అక్కర్లేదు. లిగురియాలో తులసి జాతి ఆకుతో నూరిన పెస్తో, దాన్ని బంగాళదుంప, బీన్స్ వేసిన పాస్తాలో కలుపుతారు. ఫరినాతా అని శనగపిండితో పెద్ద పళ్ళెంలో కాల్చే అట్టు దొరుకుతుంది, మిరియాలు చల్లుకుని వేడివేడిగా తింటే పొద్దున్నే ఇంకేం వద్దనిపిస్తుంది. అయితే మాంటెరోస్సో ఆంకోవీ చేపలకి ప్రసిద్ధి, అమాల్ఫీ వైపు చెతారా కూడా అంతే, సాస్‌లో అవి ఉన్నాయేమో అడిగి తినండి. అమాల్ఫీ దగ్గర వంకాయ పర్మిజానా, చీజ్‌తో కాల్చిన సొరెంటో న్యోక్కీ (బంగాళదుంప పిండి ముద్దలు) ఉంటాయి. చీజ్ కూడా తిననివాళ్ళకి మరినారా పిజ్జా, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో తప్ప ఏమీ ఉండదు. కారం మాత్రం ఎక్కడా ఆశించకండి, మీ పచ్చడి పొట్లం మీదే.

ఎప్పుడు వెళ్ళాలంటే రెండిటికీ ఏప్రిల్ చివర, మే, మళ్ళీ సెప్టెంబర్ చివర. ఆగస్టులో ఇటలీ వాళ్ళంతా సెలవుల్లో ఉంటారు, ఎండ కూడా నడకకి పనికిరాదు. అక్టోబర్ సగం దాటితే లిగురియాలో వానల భయం ఉంది, 2011 అక్టోబర్ 25న వచ్చిన వరద వెర్నాత్సా, మాంటెరోస్సో వీధుల్ని బురదతో నింపేసి ప్రాణాలు తీసింది. ఇప్పటికీ వాతావరణ హెచ్చరిక పెద్దదైతే దారులు మూసేస్తారు, మీ బుకింగు వాళ్ళకి అనవసరం. ఇంకోటి, చింక్వే తెర్రె పార్కు దారుల్లో చెప్పులతో నడిస్తే జరిమానా, 50 యూరోల నుంచి మొదలు. మనవాళ్ళు ఎక్కడికైనా చెప్పులేసుకుని పోయేరకం కాబట్టి చెబుతున్నా.

సార్డీనియా దీవిలోని సెల్వాజ్జో బ్లూ అనే దారి గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. తీరపు నడకల్లో అంతకు మించినది లేదంటారు, కానీ తాళ్ళతో కొండ దిగాలి, దారిలో నీళ్ళుండవు, గైడు లేకుండా పోకూడదు. పర్వతారోహణ వచ్చినవాళ్ళ పని అది, ఈ పోటీలో దాన్ని కలపను.

మొత్తానికి నా లెక్క ఇది. అమ్మానాన్నలతోనో చిన్నపిల్లలతోనో వెళ్తే, లేదా ఎలాగూ ఫ్లోరెన్స్, పీసా చూస్తుంటే, రెండో ఆలోచన వద్దు, లెవాంతోలో గది తీసుకుని చింక్వే తెర్రె. ఊళ్ళు చూడటం పొద్దున్నే తొమ్మిదికి ముందో, సాయంత్రం ఆరు తర్వాతో పెట్టుకుని పగలంతా పై దారుల్లో ఉండండి. ఒక రోజు మిగిలితే రైల్లో కమోలీ దాకా వెళ్ళి, పోర్తోఫీనో కొండ మీదుగా సాన్ ఫ్రుత్తువోజో మఠానికి నడవండి, రోడ్డే లేని చోటది, వెనక్కి పడవలో రావచ్చు. నడవడానికే వెళ్తున్నాం, ఇద్దరం ముగ్గురం, కాళ్ళు గట్టివి అనుకుంటే అమాల్ఫీ. నన్నడిగితే మళ్ళీ వెళ్ళాలనిపించేది అమాల్ఫీకే, బస్సు కోసం తిట్టుకుంటూనే.

అక్కడ మొదటి మూడు రాత్రులు బొమెరానోలో, మిగతావి మినోరిలో పెట్టుకోండి. దేవతల బాటని శని, ఆదివారాలకి వదలకండి, రోమ్ నుంచీ నేపుల్స్ నుంచీ వచ్చేవాళ్ళు ఆ రెండు రోజులే వస్తారు. సలెర్నోకి వెనక్కి వెళ్ళే రోజు రైలు టికెట్ మధ్యాహ్నం తర్వాతిదే తీసుకోండి, పడవ రద్దైతే బస్సులో ఎంతసేపు పడుతుందో డ్రైవరుకే తెలియదు.