వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్ ప్యాకేజీ అంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మా బావమరిది గీత పని చేసేవాడు. రెండేళ్ల కింద మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు. వెన్నెముకలో టీ10 అనే పూస (ఛాతీ వెనక వరుసలో పదోది) నలిగింది, నడుము కింద అంతా చచ్చుబడిపోయింది. పెద్దాసుపత్రిలో రాడ్లు, స్క్రూలు వేశారు. ఆ ఆపరేషన్ మీద నాకే ఫిర్యాదూ లేదు. వెన్నుపాము మీద ఒత్తిడి తీసి పూస కదలకుండా చేయడమే దాని పని, దెబ్బతిన్న నరాలను అది అతకదు అని డాక్టరు ముందే చెప్పాడు, మాకే వినబుద్ధి కాలేదు.

అదే టైంలో ఫోన్‌లో స్టెమ్ సెల్ వైద్యం చేసే ఓ క్లినిక్ వీడియో కనబడింది. వెళ్లాం. తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులో స్టెమ్ సెల్స్, అంటే కొత్త కణాలను పుట్టించే మూలకణాలు వేరుచేసి నడుములో ఎక్కిస్తారట, మూడు సిట్టింగులు, నాలుగున్నర లక్షలు, ఆరు నెలల్లో నిలబడతాడు అన్నారు. ఇరవై గుంటల పొలం అమ్మాం.

రెండో ఇంజెక్షన్ తర్వాత కుడికాలి బొటనవేలు టక్కున కదిలింది. మా అత్త ఏడ్చేసింది, క్లినిక్ వాళ్లు వీడియో తీసుకున్నారు. ఊరికొచ్చాక ఫిజియోథెరపిస్ట్ చూసి "వేలు కదపమని చెప్పండి" అన్నాడు. చెప్పాం. కదల్లేదు. అది స్పాస్టిసిటీ అట, మనిషి ప్రమేయం లేకుండా కండరం దానంతటదే కొట్టుకోవడం. ఈ ఇంజెక్షన్ల ధ్యాసలో పడి రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం వదిలేశాం, తోకఎముక దగ్గర పుండు పడి మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ డబ్బులో పదోవంతుతో ఎయిర్ బెడ్, మంచి వీల్‌చైర్ వచ్చేవి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్తానికి సంబంధించిన జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా పరిశోధన కిందే లెక్క. అనుమతి ఉన్న ట్రయల్‌లోనే (వైద్యం పనిచేస్తుందో లేదో చూసే పరిశోధనలోనే) చేయాలి, పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. పోనీ పని చేయకపోతే చేయకపోయింది, నష్టం లేదుగా అంటారా? పోర్చుగల్‌లో ముక్కు లోపలి పొర కణాలు వెన్నుపాములో పెట్టించుకున్న ఓ అమెరికన్ మహిళకు ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగింది, ఆపరేషన్ చేసి తీయాల్సొచ్చింది. 2014లో వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. ఇంకోటి, దెబ్బ తగిలిన మొదటి సంవత్సరంలో కొందరికి కొంత కదలిక, స్పర్శ వాటంతటవే తిరిగొస్తాయి, ఆ పేరు కూడా ఇలాంటి వాళ్లే కొట్టేస్తారు.

ఎవరైనా ప్యాకేజీ అంటే ముందు సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఆ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. నంబరు ఉండి కూడా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. మొన్న నేను ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి అడిగితే "అదేం నంబర్ సార్?" అన్నారు.