వేడినీటి ఊట దగ్గర ఏది మేలు: కుండంలో మునగడమా, తొట్టి నింపుకోవడమా, చెంబుతో పోసుకోవడమా?

ఒడిశాలో బరంపురం నుంచి దిగపహండి మీదుగా తప్తపాణి వేడినీటి ఊటకు వెళ్లేవాళ్లయినా, ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలోని కిన్వట్ తాలూకాలో ఉన్న ఉనకేశ్వర్ ఊటకు వెళ్లేవాళ్లయినా, అక్కడ దిగగానే ముందు వేలు ముంచి వేడి చూస్తారు. అంతకంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: ఈ నీళ్లు ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు పోతున్నాయి?

వేడికి క్రిములు చచ్చిపోతాయనేది చాలామంది నమ్మకం. గంధకం వాసన వస్తుంటే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. కానీ మనిషి ఒళ్లు ఓర్చుకోగల వేడిలో క్రిములు హాయిగా బతుకుతాయి. ముక్కులోంచి మెదడుకెక్కే నెగ్లేరియా ఫౌలెరి అనే అమీబా 46 డిగ్రీల వరకూ పెరుగుతుంది. ఊపిరితిత్తులను పట్టే లెజియోనెల్లాకు 25 నుంచి 45 డిగ్రీల మధ్య అనుకూలం. చర్మం మీద ఎర్రటి పొక్కులు, చెవిపోటు తెచ్చే సూడోమోనాస్ కూడా 42 డిగ్రీల దాకా పెరుగుతుంది. వీటిని చంపే వేడి మన చర్మాన్నీ కాలుస్తుంది.

అలాగని ఊటను తప్పుపట్టనక్కర్లేదు. లోతుకు దిగిన వాననీరు వేడెక్కి, రాతి పగుళ్లలోంచి పైకి వస్తుంది. ఎక్కువ పాడయ్యేది పైకొచ్చాకే. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో 1978లో ఒక అమ్మాయి పాత రోమన్ స్నానకుండంలో ఈతకొట్టి, ఈ అమీబా సోకి చనిపోయింది. కుండంలో స్నానాలు ఆపేశారు. 1983లో అదే ఊటకు లోతుగా కొత్త బోరు వేసి శుభ్రమైన నీళ్లు తీసుకున్నారు. ఊట ఒకటే, నీళ్లు అందుకున్న చోటే మారింది. మన మూడు పద్ధతుల మధ్య తేడా కూడా అక్కడే ఉంది.

కుండంలో మునగడం

నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మీటరు లోతున్న కుండం అనుకుందాం. అందులో 12,000 లీటర్లు పడతాయి. నీళ్లు వచ్చే గొట్టం కింద 10 లీటర్ల బకెట్టు పెట్టి ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టండి. పది సెకన్లలో నిండితే ధార సెకనుకు లీటరు. అంటే కుండంలో పట్టేటన్ని నీళ్లు రావడానికి 3 గంటల 20 నిమిషాలు. కొత్తనీరు పాతనీటితో కలిసిపోతుంది గనుక, అప్పటికీ పాతనీరు దాదాపు 37 శాతం మిగిలే ఉంటుంది. అది 5 శాతానికి దిగాలంటే పది గంటలు. ఆలోగా ఎంతమంది దిగి లేస్తారో సంక్రాంతి సెలవుల్లో చూస్తే తెలుస్తుంది. ఊటనీటితో చర్మవ్యాధులు పోతాయన్న నమ్మకంతో పుండ్లు, గజ్జి ఉన్నవాళ్లూ అదే నీళ్లలో దిగుతారు. నూనె, నలుగుపిండి, షాంపూ అన్నీ అందులోనే కలుస్తాయి.

నీళ్లు వచ్చే తూము, పోయే తూము ఒకే మూలన ఉంటే పరిస్థితి ఇంకా అన్యాయం. కొత్తనీరు వచ్చిన దారినే పోతుంది, ఎదురు మూల కదలదు. నురగ, ఆకులు ఏ మూలన చేరాయో చూసి దానికి దూరంగా ఉండండి.

మెట్టు మీద వేలు పెట్టి రుద్దండి. గరుకుగా తగిలితే సరే. జిగటగా జారితే అది క్రిములు కట్టుకున్న పొర. అమీబాలు దాన్ని తింటూ బతుకుతాయి, లెజియోనెల్లా ఆ అమీబాల లోపలే దాక్కుని పెరుగుతుంది. ఊట కాలువలో కనిపించే తెల్లటి దారాలు, ఆకుపచ్చ, నారింజ రంగు చాపల్లాంటి పొరలు మాత్రం వేరు. వేడినీటిలో సహజంగా పెరిగేవే అవి, మురికికి గుర్తు కావు. అయినా వాటిని గీకి కుండంలోకి వదలకూడదు.

కుండంలోనే దిగాలనుకుంటే తెల్లవారుజామున, నీళ్లు వచ్చే తూముకు దగ్గరగా, మెడ దాకానే దిగండి. ముందు బయట సబ్బుతో ఒళ్లు కడుక్కోండి. తల ముంచొద్దు, దూకొద్దు, అడుగు బురద కలపొద్దు, ఎందుకంటే అమీబా ఎక్కువగా ఉండేది అక్కడే. పిల్లలు నీళ్లు చిమ్ముకుంటూ ఆడకుండా ఆపడం కష్టం, కాబట్టి వాళ్లను దించకపోవడమే మంచిది.

తొట్టి నింపుకోవడం

తప్తపాణిలోని టూరిజం అతిథిగృహం పంథనివాస్‌లో ఉన్నట్టు ఊటనీటిని గొట్టంతో స్నానాల తొట్టిలోకి తెచ్చే చోట, ఒక్కరికి నింపి, ఒక్కరి తర్వాత వదిలేస్తే ఇది కుండం కంటే ఎంతో నయం. లోపమల్లా గొట్టంలో నిలిచిన నీళ్లు. కుళాయి తిప్పి రెండు మూడు నిమిషాలు వదిలేసి, నీళ్లు పూర్తి వేడికి వచ్చాకే తొట్టి అడుగున ఉండే బిరడా బిగించండి. ఆ సేపు ఆవిరికి, తుంపరకు దూరంగా నిలబడండి. లెజియోనెల్లా తుంపరలోంచే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొగతాగేవాళ్లు, యాభై దాటినవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు షవర్ జోలికి పోవద్దు.

తొట్టిని బ్రష్‌తో రుద్ది, మామూలు నీళ్లతో గంధకపు నీటిని కడిగేశాకే బ్లీచ్ వాడాలి. 5 శాతం బ్లీచ్ ద్రావణం 20 మిల్లీలీటర్లు లీటరు నీటిలో కలిపి, పది నిమిషాలు ఉంచి, కడిగేస్తే చాలు.

ఒకసారి నింపిన నీటినే పంపుతో తిప్పి బుడగలు రప్పించే తొట్టెలైతే మాత్రం వద్దు. జపాన్‌లోని హ్యూగాలో 2002లో, కొత్తగా తెరిచిన వేడినీటి స్నానశాలలో, అనుమానిత కేసులతో కలిపి 295 మందికి లెజియోనెల్లా సోకింది, ఏడుగురు చనిపోయారు.

చెంబుతో పోసుకోవడం

మా ఓటు దీనికే. కుండంలో పడకముందే, ధార దగ్గరే శుభ్రమైన బకెట్టుతో పట్టుకుంటే ఇంకొకరి ఒంటి మురికి కలిసే అవకాశమే లేదు. 45 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు, 25 డిగ్రీల మామూలు నీళ్లు 5 లీటర్లు కలిపితే 40 డిగ్రీలు. అంతకు మించకూడదు. భుజాల నుంచి కిందికి పోసుకోండి. తలస్నానానికి ఈ నీళ్లు వద్దు. కీళ్లనొప్పులకు నానడం కావాలంటే అదే బకెట్టులో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. సీసాలో ఇంటికి తెచ్చుకున్న ఊటనీటితో జలనేతి (ముక్కులో నీళ్లు పోసి కడుక్కోవడం) మాత్రం చేయకండి.

కుండం చూసుకునేవాళ్లకు

బ్లీచింగ్ పౌడర్ చల్లితే సరిపోతుందనుకోవద్దు. నీటిలోని ఒక మిల్లీగ్రాము గంధకపు వాయువు (హైడ్రోజన్ సల్ఫైడ్) రెండు మిల్లీగ్రాముల పైన, ఒక్కోసారి ఎనిమిది దాకా, క్లోరిన్‌ను మింగేస్తుంది. చల్లగానే నీళ్లు పాలలా మారితే అది తేలిన గంధకం, క్రిములకు ఏమీ కాలేదన్నమాట. మందు కంటే మార్పిడే మేలు. రాత్రి ఎనిమిదికి తూము తీసి, బురద ఎత్తి, గట్టి బ్రష్‌తో మెట్లు, గోడలు రుద్ది, ఖాళీ కుండంలోనే బ్లీచింగ్ ద్రావణం పూసి కడిగేయండి. పైన చెప్పిన ధారే ఉంటే అర్ధరాత్రి మొదలుపెట్టినా తెల్లారేసరికి నిండుతుంది.

పరీక్ష దగ్గర ఒక చిక్కుంది. నీటిలో మలం కలిసిందో లేదో చూడటానికి గ్రామాల్లో ఇచ్చే, నీళ్లు పోస్తే నల్లబడే సీసా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టి చెబుతుంది. గంధకపు ఊటలో ఆ వాయువు ముందే ఉంటుంది గనుక, మలం కలవకపోయినా సీసా నల్లబడొచ్చు. బదులుగా శుద్ధిచేసిన సీసాలో నీళ్లు పట్టి, ఐస్ పెట్టెలో ఉంచి, అదే రోజు ల్యాబ్‌కు చేర్చి కోలిఫాం (మురుగు కలిసిందని చెప్పే క్రిములు) లెక్క చేయించండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో స్నానానికి పనికొచ్చే నీటిలో మొత్తం కోలిఫాం 100 మిల్లీలీటర్లకు 500 మించకూడదు. ఈ పరీక్ష అమీబాను పట్టదు. కాబట్టి లెక్క బాగా వచ్చినా తల ముంచొద్దన్న బోర్డు తీయకండి.

నీళ్లు ముక్కులోకి పోయిన తర్వాత 12 రోజుల్లోపు గట్టి తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనిపిస్తే ఇంట్లో మాత్రలతో కాలయాపన చేయకుండా బరంపురం ఎం.కె.సి.జి. లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి. ‘వేడినీటి కుండంలో తల మునిగింది’ అని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాట వింటేనే వెన్నునీటిలో అమీబా కోసం వెతుకుతారు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి 97 మందికి పైగా చనిపోతున్నారు. 2024లో కేరళలోని కోజికోడ్‌లో ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి బతికి బయటపడ్డాడంటే, జబ్బును తొందరగా గుర్తుపట్టి మందు మొదలుపెట్టడం వల్లే.