ఎయిర్ బెడ్: బుడగల రకమా, గొట్టాల రకమా?

పడకపుండ్ల భయంతో ఎయిర్ బెడ్ కొంటున్నారా? రెండు రకాలూ పనిచేసే తీరు ఒకటే. పంపు దాదాపు 10 నిమిషాలకోసారి ఒక వరసలో గాలి తగ్గించి పక్క వరస నింపుతుంది. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగిన చర్మానికి ఆ కాసేపు రక్తం అందుతుంది.

బుడగల రకం చవక, కానీ పల్చన. బరువైన మనిషి పడుకుంటే నడుం దిగబడి కింద పరుపుకి ఆనుతుంది. గొట్టాల రకం ఎత్తుగా ఉంటుంది, ఒక గొట్టం చిల్లుపడితే చాలా మోడళ్లలో దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. సొంతంగా పక్కకి ఒత్తిగిలలేని వారికి మా ఓటు గొట్టాలకే.

ఏది కొన్నా చెడేది అమర్చడంలోనే. గట్టిగా ఉంటే మంచిదనుకుని పంపు డయల్‌ని చివరిదాకా తిప్పేస్తారు. అప్పుడది బల్లతో సమానం. డయల్ మనిషి బరువుని బట్టి పెట్టాలి. తర్వాత ఎయిర్ బెడ్ కింద, సరిగ్గా పిరుదుల మధ్య ఎముక ఉన్నచోటికి, అరచెయ్యి పైకి పెట్టి దూర్చి చూడండి. చేతికీ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి మందం తగలాలి. ఎముకే తగిలితే గాలి చాలనట్టు. పైన ఒక్క పల్చటి దుప్పటి చాలు. దాని మీద రబ్బరు షీటు, బొంత, మడతపెట్టిన పాత చీర పరిచారంటే పరుపు చేసే పని అక్కడితో సరి.

మడమల్ని మాత్రం ఈ పరుపు పూర్తిగా కాపాడలేదు. పిక్కల కింద పొడవాటి దిండు పెట్టి మడమలు గాల్లో తేలేట్టు చూడాలి. తల వైపు 30 డిగ్రీలు దాటి లేపితే ఒళ్లు కిందికి జారుతుంది, లోపల కండ సాగి నలుగుతుంది. పరుపుంది కదా అని 2 గంటలకోసారి పక్క మార్చడం మానొద్దు. మార్చినప్పుడల్లా ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా ఎర్రగానే ఉంటే పుండు మొదలైనట్టే. నలుపు ఒంట్లో ఎరుపు తెలియదు, పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో ఉందేమో తడిమి చూడాలి. అక్కడ మర్దనా చెయ్యొద్దు, ఆ వైపు పడుకోబెట్టొద్దు.

కరెంటు పోతే? కొన్ని గొట్టాల రకాలకి పైపు చివర మూత వస్తుంది. అది బిగిస్తే కొంతసేపు గాలి నిలుస్తుంది. కొనేముందు ఆ మూత ఉందో లేదో అడగండి.